చిటపట సైన్యం

లిఫ్టు మెకానిక్కి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అనేవారు. అబద్ధం. ముక్కు మీదే ఉంటే తుమ్మినప్పుడైనా ఎగిరిపోవాలి కదా. అతని కోపం ఒళ్లంతా ఉండేది. మొదటి అంతస్తుకి కూడా లిఫ్టెక్కే దున్నపోతుల మీద కోపం. తలుపుకి కాలు అడ్డంపెట్టి కబుర్లు చెప్పుకునేవాళ్ల మీద కోపం. వెలుగుతున్న బటన్నే మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లని చూస్తే మరీ అగ్గి మీద గుగ్గిలం. స్నేహితులు అతనికి చిటపట అని పేరుపెట్టారు. ఆ పేరు వింటే చిటపటలాడేవాడు కాబట్టి అదే ఖాయమైపోయింది.

ఆ మనిషి నోరు మూసుకుని కూర్చునే చోటు ఒక్కటే ఉండేది, మందుల షాపు మీది గది. అక్కడ ఇటుకల మీద ఒక పాత తలుపుచెక్క పరిచి, దానిమీద కొండలూ నదీ వంతెనా కట్టుకున్నారు. ఆదివారం వస్తే ఆ చెక్క మీద యుద్ధం. వేలెడంత బొమ్మలు, మరుగుజ్జులూ రాక్షసులూ, కొట్టుకుంటారు. ఎవడు ఎంత దూరం నడవాలో టేపు పెట్టి కొలుస్తారు, ఎవడు చావాలో పాచికలు చెబుతాయి. పెళ్లిళ్లు కాకముందు మొదలెట్టిన యుద్ధం, పిల్లల పెళ్లిళ్లయినా తెగలేదు. మరుగుజ్జులు చిటపటవి. రాక్షసులూ, వాళ్లతోపాటు ఒక డ్రాగనూ కింద షాపు నడిపే మందులాయనవి. తగువులు తీర్చడానికి లెక్కల మాస్టారు ఉండేవాడు.

చిటపట బావ, అంటే అక్క మొగుడు, ఆట ఆడేవాడు కాదు. బోర్డులు రాసే పెయింటరు కదా, సన్న కుంచె పట్టుకుని మూల కూర్చుని బొమ్మలకి మొహాలు వేసేవాడు. ఆ మహానుభావుడు ఏం చేశాడంటే, మరుగుజ్జులందరికీ బావమరిది మొహమే వేశాడు. అన్నీ కోపాలే, ఏ రెండూ ఒకటి కాదు. ఒక్కో బొమ్మ పూర్తి చేసి, కళ్ల ముందు పెట్టి, "ఇది ఏ కోపమో చెప్పు" అనేవాడు. చిటపట కళ్లు చికిలించి చూసి, ఇది పానా పోయినప్పటిది, ఇది సూపర్‌వైజరు మీద, ఇది టీ చల్లారినందుకు, అని చెప్పేవాడు. ఎప్పుడూ తప్పు చెప్పలేదు. తన కోపాన్ని చూసి పారిపోకుండా, కూర్చుని దానికి రంగులు వేసిన మనిషి లోకంలో ఆయనొక్కడే.

సైన్యంలో డప్పు కొట్టేవాడికి మాత్రం బావ తన మొహం వేసుకున్నాడు, చిన్న నవ్వుతో. "నీ కోపాలకి తాళం వేసేవాడు ఒకడుండాలిగా" అన్నాడు.

ఆ డప్పువాణ్ని మందులాయన ఎప్పుడో వంతెన దగ్గర చెరపట్టాడు. ఆ గదిలో ఒక కట్టుబాటుంది. చెరపట్టిన బొమ్మ పట్టినవాడి ఇంట్లో ఉంటుంది. విడిపించుకోవాలంటే యుద్ధంలో గెలవాలి, అంతే. అడక్కూడదు, ఇస్తే పుచ్చుకోకూడదు. పట్టినవాడు కూడా ఖైదీ మీద చెయ్యి వెయ్యకూడదు, కనీసం దుమ్మయినా దులపకూడదు. అందుకని డప్పువాడు ఏళ్ల తరబడి మందులాయన ఇంట్లో అద్దాల బీరువాలో నిలబడే ఉన్నాడు, చిటపట వంతెన దగ్గర ఓడిపోతూనే ఉన్నాడు.

బావ పోయాడు. ఏడాది దాకా ఎవరికీ ఆడబుద్ధి కాలేదు. వాన నీళ్లు దిగి గదిలో మరుగుజ్జుల్ని దాచే బీరువాకి చెమ్మపట్టింది, వాళ్ల రంగులు అక్కడక్కడా పెచ్చులూడాయి. మందులాయన అది చూశాడు. మంచివాడే, కానీ మంచితనానికి బుర్ర తోడు లేకపోతే దానంత ప్రమాదం ఇంకోటి లేదు. సైన్యాన్నంతా స్పిరిట్‌లో నానబెట్టి, టూత్‌బ్రష్షుతో తోమి, కూలికి రంగులు వేసేవాడెవడి చేతో కొత్తగా వేయించాడు. తర్వాత చిటపటని పిలిచి, బీరువా తలుపు తీసి, పెళ్లికొడుకులా పక్కన నిలబడ్డాడు.

మరుగుజ్జులు ధగధగలాడుతున్నారు. అందరిదీ ఒకటే మొహం. అందరూ నవ్వుతున్నారు.

చిటపట ఒక బొమ్మ తీశాడు, పెట్టాడు, ఇంకోటి తీశాడు. మాస్టారు కిటికీ వైపు తిరిగాడు, ఆయనకి అర్థమైపోయింది.

"మొహాలేవిరా?" అన్నాడు చిటపట.

"పాడైపోయాయి కదరా. బావ సైన్యం కొత్తగా ఉండాలని…"

"బావని స్పిరిట్‌లో ముంచి బ్రష్షుతో తోమావురా నువ్వు."

అరవలేదు. అరిచి ఉంటే మందులాయన బతికిపోయేవాడు, ఆ అరుపులు అతనికి అలవాటే. మందులాయన మొహం పాలిపోయి కిందికి పరిగెత్తాడు, షాపు వెనకే ఉన్న ఇంట్లోంచి డప్పువాణ్ని తెచ్చి రెండు చేతులా చాపాడు. ఇదొక్కటి ముట్టుకోలేదు, తీసుకెళ్లు, కట్టుబాటూ వద్దు ఏమీ వద్దు అని బతిమాలాడు. ముంచాల్సినవన్నీ ముంచేసి ఇప్పుడు దానం చేస్తున్నావా అని చిటపట ఆ చేతుల్ని తోసేశాడు. ఇక ఈ మెట్లెక్కితే నన్ను చెప్పుతో కొట్టు అనేసి, తిన్నగా అక్క ఇంటికి పోయాడు.

అక్క బట్టలు మడత పెడుతోంది. తమ్ముడు చెప్పిందంతా విన్నది. అతననుకున్నది, అక్క మందులాయన్ని నాలుగు తిడుతుందని, తను ఇంకో నాలుగు కలుపుతాడని. అక్కాతమ్ముళ్లది ఒకే రక్తం, ఆమెకీ కోపం వచ్చింది, కానీ అటు కాదు.

"వాడు తోమేశాడు సరే, వాడికి బుద్ధి లేదు. నువ్వు? ఇన్నేళ్లుగా మీ బావ వాడింట్లో ఖైదీగా ఉంటే గెలుచుకు రావడం చేతకాలేదు. ఇప్పుడు ఆటే మానేస్తావా? మిగిలిన ఆ ఒక్క మొహం వాడి బీరువాలోనే ఉండాలా?"

"ఇస్తానన్నాడు. నేనే తోసేశాను."

"తోసెయ్యకపోతే నేనే నిన్ను బయటికి తోసేదాన్ని" అన్నది అక్క. అడుక్కుని తెస్తే గడప తొక్కొద్దన్నది, ఆడి తెమ్మన్నది.

తర్వాతి ఆదివారం చిటపట మెట్లెక్కాడు. ఆ నవ్వే వెధవల్ని ఒక్కొక్కణ్నీ చెక్క మీద టక్కు టక్కుమని పేర్చాడు. చెప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. మందులాయన డప్పువాణ్ని తెచ్చి వంతెన అవతల నిలబెట్టాడు. చిటపట బాగా ఆడాడు. కోపం మనిషిని గుడ్డివాణ్ని చేస్తుందంటారు, ఆ రోజు అతనికి చెక్క మీద ప్రతి అంగుళం కనిపించింది. మరుగుజ్జులు వంతెన దాకా వచ్చారు. అడ్డంగా డ్రాగన్ ఉంది.

మందులాయన టేపు తీశాడు. డ్రాగన్ని వంతెన మీంచి తీసి, ఏ పనీ లేని కొండ పక్కన పెట్టాడు. తల ఎత్తలేదు. దారి బార్లా తెరుచుకుంది.

చిటపట పాచికలు కింద పెట్టేశాడు.

"వెనక్కి పెట్టు."

"నా ఆట నా ఇష్టం."

"ముప్ఫయ్యేళ్లలో నీ డ్రాగన్ వంతెన వదిలిందా? నా బావని నాకు ముష్టి వేస్తావురా? పెట్టు వెనక్కి."

చిటపట మాటే న్యాయమని మాస్టారు తల ఊపాడు. మందులాయన కళ్లు తుడుచుకుని డ్రాగన్ని తెచ్చి మళ్లీ వంతెన మీద పెట్టాడు. తర్వాత నిజంగానే ఆడాడు. చిటపట పాచికలు వేశాడు, దిక్కుమాలిన ఒకట్లు పడ్డాయి. మరుగుజ్జులు నవ్వుతూనే కాలిపోయారు. డప్పువాడు మళ్లీ అద్దాల బీరువాకి పోయాడు.

అక్క గుమ్మంలో నిలబడి తమ్ముడి చేతుల వంక చూసింది. ఒక చేతిలో బొమ్మల పెట్టె ఉంది, రెండోది ఖాళీ.

"ఓడిపోయావా?"

"ఆఁ. వచ్చే ఆదివారం మళ్లీ."

"వాడు కావాలని ఓడిపోబోయాడా?"

"పోబోయాడు. తిట్టాను."

ఆమె పక్కకి జరిగి దారి ఇచ్చింది. అతను లోపలికి వెళ్లి బావ రంగుల డబ్బాలోంచి సన్న కుంచె తీశాడు. జీవితమంతా పానాలు తిప్పిన చెయ్యి, కుంచెని కూడా పానాలాగే బిగించి పట్టింది. ఒక మరుగుజ్జుని తీసి ఆ నవ్వు మీద నల్లరంగు పెట్టాడు. ఒక కనుబొమ్మ పైకి పోయింది, ఇంకోటి ముక్కు మీదికి జారింది, నోరు ఎటో వంకర తిరిగింది. బొమ్మని బల్ల మీదికి విసిరేశాడు.

అక్క దాన్ని తీసి దీపం కింద పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది ఏ కోపంరా?" అన్నది.

"ఇవాళ్టిది."