తొమ్మిదో స్టేషన్

2014 ఫిబ్రవరిలో నేను సికింద్రాబాద్‌లోని ఒక రైల్వే కార్యాలయంలో, కమర్షియల్ శాఖలో ఆఫీస్ సూపరింటెండెంట్‌గా ఉన్నాను. నాకు అప్పగించిన పనుల్లో బయటివాళ్ళకు అంతగా తెలియనిది ఒకటి ఉండేది. సర్క్యులర్ టికెట్లు తయారు చేయడం. బయలుదేరిన ఊరికే మళ్ళీ చేరుకునేలా, ఒకే టికెట్టు మీద దేశం చుట్టి రావచ్చు. వెళ్ళదలచుకున్న దారిని ప్రయాణికులు కాగితం మీద రాసి డివిజనల్ కమర్షియల్ మేనేజర్ పేరిట దరఖాస్తు పెట్టుకుంటారు. మేము దూరాల పట్టిక ముందు పెట్టుకుని చార్జీ లెక్కకట్టి, అధికారి సంతకం చేయించి, స్టేషన్‌కు ఉత్తరం రాస్తాం. ఆ ఉత్తరం మీద కౌంటర్‌లో టికెట్టు ఇస్తారు. తరువాత ఒక్కో బండికీ విడివిడిగా రిజర్వేషన్ చేయించుకోవాలి. నియమాల్లో ముఖ్యమైనది ఒకటుంది. దారిలో ఎనిమిది చోట్లకు మించి దిగి ఆగడానికి వీల్లేదు. ఇలా దిగి ఆగడాన్ని మా భాషలో బ్రేక్ జర్నీ అంటాం.

ఈ పనిలో నాకు మంచి పేరుండేది. వంకరటింకరగా వచ్చిన దారిని చక్కదిద్ది ఇవ్వడంలో నన్ను మించినవాళ్ళు లేరని తోటివాళ్ళు అనేవారు, నేనూ నమ్మేదాన్ని. చేతిలో ఎర్ర పెన్సిల్ ఉంటే నా అంత తెలివైన మనిషి డివిజన్‌లో లేరనిపించేది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ నెలలో వచ్చిన ఒక దరఖాస్తులో తొమ్మిది స్టేషన్లున్నాయి. ఒకటి నేను కొట్టేశాను. ఆ ఒక్కదాని గురించే ఇదంతా రాస్తున్నాను.

దరఖాస్తు తెచ్చినవారు యోహానుగారు, ఆయన భార్య మార్తమ్మగారు. ఆయన ఒక మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆమె అదే స్కూల్లో కుట్టుపని నేర్పేవారు. ఇద్దరిదీ గుంటూరు వైపు. సికింద్రాబాద్‌లో స్థిరపడి నలభై ఏళ్ళు దాటింది, కాప్రాలో ఇల్లు. ఆయన దరఖాస్తుతో పాటు ఒక పటం జతచేశారు. నా సర్వీసులో అలాంటి జత కాగితం మళ్ళీ చూడలేదు. దేశం బొమ్మ గీసి, దారిని నీలం సిరాతో వేసి, ప్రతి స్టేషన్ పక్కనా ఒక చిన్న బొమ్మ పెట్టారు. విశాఖపట్నం పక్కన దీపస్తంభం, హౌరా పక్కన వంతెన, న్యూ జల్పాయిగుడి పక్కన తేయాకు బుట్ట, లక్నో పక్కన పెద్ద దర్వాజా, డెహ్రాడూన్, కాల్కాల పక్కన నీడలు దిద్దిన కొండలు, ఢిల్లీకి కోట, ఆగ్రాకు తాజ్‌మహల్. ఆగ్రా దాటాక, తిరుగుదారిలో, మధ్యప్రదేశ్‌లోని ఒక చిన్న జంక్షన్. దాని పక్కన ఏ బొమ్మా లేదు. ఉట్టి సున్న.

పటం చూసి సెక్షన్ అంతా మూగింది. నేను ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. డార్జిలింగ్, సిమ్లా కొండ బండ్లు ఈ టికెట్టులో కలవవు కనుక, న్యూ జల్పాయిగుడిలోను, కాల్కాలోను దిగి వాటికి విడిగా టికెట్లు తీసుకోమని చెప్పాను. తొమ్మిదో దాని దగ్గరికొచ్చి ఆగాను.

"ఎనిమిదికి మించకూడదండీ. ఈ జంక్షన్‌లో చూడ్డానికి ఏముంది?" అని అడిగాను.

యోహానుగారు భార్య వైపు చూశారు. ఆమె ఒళ్ళోని సంచి పట్టీని సవరించుకుంటున్నారు. నా వెనక ఇద్దరు గుమాస్తాలు, పక్క బల్ల దగ్గర మరో ప్రయాణికుడు.

"చూడ్డానికైతే ఏమీ లేదండీ," అన్నారాయన.

"మరింకేం!" అని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశాను. దారి చక్కబడిందని పైగా ఆయన్నే అభినందించాను. టికెట్టులో రాసిన ఎనిమిది చోట్ల తప్ప మధ్యలో ఎక్కడా దిగవద్దని, దిగితే చిక్కులొస్తాయని హెచ్చరించాను. ఈ హెచ్చరిక అందరికీ చేసేదే. ఆయన తలూపారు. మార్తమ్మగారు లేచి నమస్కారం పెట్టారు.

వాళ్ళు వెళ్ళాక మా అటెండర్ యాదగిరి నా బల్ల దగ్గరికి వచ్చాడు. బొల్లారం మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద, ఎవరితోనైనా ఉన్నదున్నట్టు మాట్లాడతాడు.

"మేడం, మీరు గా ఊరు కొట్టేసినంక ఆ అమ్మ మొకం జూసిన్రా? ఏందో జెర అడిగేదుండె."

"అడిగాను కదయ్యా. ఏమీ లేదన్నారు."

"గట్ల నలుగురి ముంగట అడిగితే ఎవరన్న జెప్తరా మేడం?" అని టీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. ఫైలు అధికారి సంతకానికి పంపేశాను.

ఏప్రిల్‌లో వాళ్ళు బయలుదేరారు. జూలైలో యోహానుగారు ఒక్కరే వచ్చారు. డార్జిలింగ్ నుంచి తెచ్చిన తేయాకు పొట్లం నా బల్ల మీద పెట్టి, ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండా జరిగిందని చెప్పారు. ఇంటికి వచ్చిన పది రోజులకు మార్తమ్మగారికి పక్షవాతం వచ్చిందని, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయని, మాట సరిగా రావడం లేదని కూడా అదే గొంతుతో చెప్పారు. ఆ తరువాత అడిగారు:

"మేడంగారూ, ఆ తొమ్మిదో ఊరికి మామూలు టికెట్టుతో పోవాలంటే ఏ బండి బాగుంటుందండీ?"

ఈసారి నేను ఆయన్ను పక్కగదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, ఆ ఊళ్ళో ఏముందని అడిగాను. ఆయన చెప్పింది క్లుప్తంగా రాస్తాను.

1970 నుంచి 1972 దాకా ఆయన సిమ్లా వైపు ఒక కొండ ఊరి స్కూల్లో పనిచేశారు. అక్కడే ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు పంతొమ్మిది రోజులు నిండాక సికింద్రాబాద్‌కు తిరిగి వస్తున్నారు. దారిలో బిడ్డకు జ్వరం ముదిరింది. ఆ జంక్షన్‌లోనే కాపురమున్న బండి గార్డు సాయంతో అక్కడ దించి రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తెల్లవారేసరికి బిడ్డ పోయింది. రైల్వే కాలనీలో క్రైస్తవులకు చిన్న సమాధుల తోట ఉంది. గార్డు భార్య మార్తమ్మగారిని పట్టుకుని అక్కడికి నడిపించింది. గార్డు పట్టాల కింద వేసే పాత స్లీపర్ చెక్కతో శిలువ చేయించాడు.

బిడ్డను పూడ్చిన వేళకు యోహానుగారు అక్కడ లేరు. అప్పటి నియమం ప్రకారం మధ్యలో దిగితే స్టేషన్ మాస్టర్ చేత టికెట్టు మీద రాయించుకోవాలి, లేకపోతే ముందు ప్రయాణానికి చెల్లదు. ఆయన టికెట్టు రాయించడానికి, ఇంటికి టెలిగ్రాం ఇవ్వడానికి స్టేషన్‌కు వెళ్ళారు. అక్కడ ఆలస్యమైంది. ఎండాకాలం కాబట్టి వాళ్ళు ఆగలేకపోయారు. ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. సాయంత్రం బండికి బయలుదేరారు.

"ఆ తోట గేటు కూడా నేను చూడలేదండీ. ఎక్కడ పెట్టారని ఆవిణ్ణి ఏనాడూ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?" అన్నారు.

ఏటా నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండుగకు ముందు మా ఊరి క్రైస్తవులు తమవాళ్ళ సమాధులకు సున్నం వేయించి, పేర్లు కొత్తగా రాయిస్తారు. వాళ్ళ సంఘంలో ఆ పేర్లు రాసేది యోహానుగారే. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి పేర్లూ రాస్తూ వచ్చారు. బిడ్డకు ఎస్తేరు అని పేరు అనుకున్నారట. బాప్తిస్మం ఇంటికి వచ్చాక ఇప్పిద్దామనుకున్నారు. ఆ పేరు ఆయన ఎక్కడా రాయలేదు. రిటైరయ్యాక ఈ ప్రయాణం వేశారు. కొండలు చూద్దామని భార్యకు చెప్పారు. ఎనిమిది ఊళ్ళూ పెట్టింది తొమ్మిదోదాన్ని మాట్లాడకుండా మధ్యలో దూర్చడానికి. పటం గీసి ఆమె ముందు పెడితే ఆమె ఆ సున్న చూసి ఏమీ అనలేదట. మర్నాడు ఆమె కొన్న కొవ్వొత్తుల పొట్లం పెట్టెలో ఆయనకు కనిపించింది. ఆయన పెట్టుకున్న నల్లరంగు డబ్బా ఆమెకు కనిపించే ఉంటుంది. నేను ఆ ఊరు కొట్టేశాక కూడా ఇద్దరూ అవి తీయలేదు.

"తిరిగి వచ్చేటప్పుడు బండి అక్కడ రెండు నిమిషాలు ఆగిందండీ. పొద్దున పదిగంటలు. ఆవిడ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. దిగుదామా మార్తా అన్నాను. 'వద్దండీ, ఆ మేడంగారు దిగొద్దన్నారు కదా' అంది."

చట్టాన్ని గౌరవించే మనుషులు నా సాధారణ హెచ్చరికను దేవుడి వాక్యంలా తీసుకున్నారు. నిజానికి ఆగ్రాలో ఎలాగూ దిగుతారు కనుక, అక్కడి నుంచి విడిగా టికెట్టు తీసుకుంటే ఆ ఊరు వెళ్ళి రావచ్చు. డార్జిలింగ్‌కూ సిమ్లాకూ నేను చెప్పిన ఉపాయం అదే. ఈ ఊరికి చెప్పలేదు, అక్కడ చూసేదేమీ లేదని నేనే తేల్చాను కాబట్టి. ఆయనకు క్షమాపణ చెప్పాను. "మీ తప్పేముందండీ, నేను నోరు విప్పలేదు," అన్నారు. ఆయన తప్పు ఆయనది. నా తప్పు నాది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాడు రైల్వే ఫోన్‌లో ఆ జంక్షన్ చీఫ్ బుకింగ్ సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. అతను రెండు రోజులు తీసుకుని శ్రద్ధగా వెతికాడు. తోట ఇప్పటికీ ఉంది. చెక్క శిలువలు ఎప్పుడో చెదలు తినేశాయి. గోడవారన పసిపిల్లల సమాధులు పదమూడు ఉన్నాయి, దేనిమీదా పేరు లేదు. చర్చి రిజిస్టర్‌లో ఆ ఏడాది వరుసల్లో 'మద్రాసీ దంపతుల శిశువు' అని ఉంది. ఎక్కడ పెట్టారన్నది రాయలేదు. అప్పటి గార్డు, అతని భార్య ఎప్పుడో పోయారట. అంటే ఆ చోటు తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే మిగిలారు.

ఆ ఆదివారం యాదగిరిని తోడు తీసుకుని కాప్రా వెళ్ళాను. మార్తమ్మగారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. సూపర్‌వైజర్ చెప్పిన వివరాలతో యోహానుగారు తోట బొమ్మ గీసి ఉంచారు. గేటు, బావి, వేపచెట్లు, గోడ, పదమూడు గీతలు. ఆయన పెన్సిల్ గేటు మీద పెట్టి అడిగారు. ఆమె తలూపారు. బావి దగ్గర తలూపారు. గోడ దగ్గరికి రాగానే ఎడమచేతి వేలు గీతల మీద అటూ ఇటూ తిరిగింది, ఎక్కడా నిలవలేదు. మళ్ళీ మొదటి నుంచి చూపించారు. మళ్ళీ అంతే. కాగితం మీద కాదు కదా ఆమె చూసింది, అక్కడ నిలబడితే కాళ్ళకే తెలిసేది. మూడోసారి ఆమె కాగితాన్ని తోసేసి ఏడ్చారు. యోహానుగారు పెన్సిల్ జేబులో పెట్టుకున్నారు.

సెలవు తీసుకుంటుంటే మార్తమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు. మాట ముద్దగా వచ్చింది. అర్థం కాక వంగాను. యోహానుగారు తిరిగి చెప్పారు: "టికెట్టు బాగా రాశారమ్మా అంటోంది. ఎక్కడా ఇబ్బంది పడలేదంటోంది."

మెట్లు దిగుతూ యాదగిరి, "తిట్టినా మంచిగుండు మేడం," అన్నాడు. అవును, తిట్టినా బాగుండేది.

మార్తమ్మగారు అక్టోబరులో పోయారు. యోహానుగారు సమాధుల పండుగకు మామూలు టికెట్టు మీద ఒక్కరే ఆ జంక్షన్‌కు వెళ్ళారు. రిజర్వేషన్ నేనే చేయించాను. తిరిగి వచ్చాక ఆఫీసుకు వచ్చి చెప్పారు. పదమూడింటికీ సున్నం వేశారట. భార్య కొన్న కొవ్వొత్తులు ఒక్కోదాని మీద ఒక్కోటి వెలిగించారట. మరి పేరు రాశారా అని అడిగాను.

"దేనిమీద రాయనండీ?" అన్నారు.

రంగు డబ్బా మూత తీయకుండానే తిరిగి తెచ్చేశారు.

నేను 2018లో రిటైరయ్యాను. ఆ నాలుగేళ్ళలో ఎనిమిదికి మించిన దరఖాస్తులు ఇంకా చాలా వచ్చాయి. ఒక్కటీ నేను కొట్టలేదు. దరఖాస్తుదారును పక్కన కూర్చోబెట్టి, ఎర్ర పెన్సిల్ చేతికిచ్చి, మీరే కొట్టండి, తొందరలేదు అని లేచి వెళ్ళేదాన్ని. తిరిగి వచ్చాక, కొట్టేసిన ఊరికి విడి టికెట్టుతో ఎలా వెళ్ళవచ్చో కాగితం వెనక రాసి ఇచ్చేదాన్ని. నా తరువాత ఆ కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి చార్జి అప్పగించేటప్పుడు, దూరాల పట్టిక కంటే ముందు ఈ పద్ధతి చెప్పాను. ఎనిమిది చోట్లకు మించకూడదన్నదే నియమం. తొమ్మిదింటిలో ఏది అక్కర్లేదో గుమాస్తా తేల్చాలని ఏ నియమాల పుస్తకంలోనూ లేదు. నేను ముప్ఫై ఏళ్ళు ఆ పుస్తకం చదివి కూడా అది గమనించలేదు.