కొంగుముడిలో పన్ను

పళ్లు చూసి మనిషి ఏ ఊరివాడో చెప్పగలనని నేను గొప్పలు పోయే రోజులవి. మా జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువున్న ఊళ్లవాళ్లకు పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. అనంతపురంలో ఒక మందుల షాపు మేడ మీద పళ్ల ఆసుపత్రి తెరిచి అప్పటికి రెండేళ్లయింది. తొంభైల చివరి మాట. చెయ్యి తిరిగిన డాక్టరమ్మ అని పేరు, ఆ పేరుకు మించిన పొగరు ఉండేవి నాకు. వచ్చినవాళ్లు బాధ పూర్తిగా చెప్పకముందే జబ్బేమిటో చెప్పేసేదాన్ని.

మే నెలాఖరులో ఒకామె వచ్చింది. రాప్తాడు అవతల పల్లె, నలభై అయిదేళ్లుంటాయి. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే పనికి పోతుంది. మిషనులో వేస్తే పప్పు చీలుతుంది, పైపొర లేస్తుంది, అలాంటిది సరిగా మొలవదు. అందుకని వానలకు ముందు మా పల్లెల్లో ఆడవాళ్లు చేత్తోనే ఒలుస్తారు. పొద్దంతా ఒలిచేసరికి బొటనవేలు బొబ్బలెక్కుతుంది. అప్పుడు కాయ పంటి కిందికి పోతుంది. మా అమ్మా అలాగే చేసేది, సెలవుల్లో నేనూ చేశాను.

ఎడమవైపు కింది దవడ నొప్పంది. కుడివైపు నమిలే పళ్లు ఎప్పుడో పోయాయి, ఏం తిన్నా ఎడమవైపే తినాలి. ఏ పన్నక్కా అంటే వేలుపెట్టి చూపించింది. దాని మీద నల్లటి గుంట ఒకటుంది. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ పడలేదు. నేను ఇంకాస్త ఆలోచించాల్సింది అక్కడే. బయట బెంచీ నిండా జనం ఉన్నారు, ఈమేమో పీకెయ్యమంటోంది. పీకేశాను.

వెళ్లబోతూ ఆ పన్ను ఇమ్మని అడిగింది. ఒంట్లోది యాడబడితే ఆడ పారెయ్యకూడదట, నొప్పి తగ్గినాక ఇంటి వెనక పూడుస్తానంది. కడిగి దూదిలో చుట్టి ఇచ్చాను. కొంగున ముడేసుకుని వెళ్లింది.

పది రోజులకు మళ్లీ వచ్చింది.

"పీకినావు గదా డాక్టరమ్మా, నొప్పి మాత్రం అట్లే ఉండాది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకే బాగుండేది, నేనూ గొంతు పెంచి ఏదో ఒకటి చెప్పి తప్పుకునేదాన్ని. కుర్చీలో కూర్చోబెట్టి పక్క పళ్లన్నీ తట్టి చూశాను. చల్లనీళ్లు పోసి చూశాను. దూది చుట్ట ఇచ్చి కొరకమన్నాను. ఏమీ లేదంది. మెత్తనిదానికి రాదని, గట్టిది నమిలితేనే వస్తుందని చెప్పి కొంగు ముడి విప్పింది. అందులో పిడికెడు విత్తనాలు, వాటి మధ్య నేనిచ్చిన దూది ఉండ. నొప్పి తగ్గలేదు కాబట్టి పూడ్చలేదు.

ఒక విత్తనం తీసుకుని, ఒక్కో పంటి మొన కింద పెట్టి కొరకమన్నాను. నేను పీకిన పన్నుకు వెనకదాని దగ్గర ఆమె గట్టిగా కొరికింది, ఊరుకుంది. నోరు తెరవబోయి కళ్లు గట్టిగా మూసుకుంది.

"కొరికేటప్పుడు గాదమ్మా. ఇడిసేటప్పుడే జిల్లుమంటాది."

పన్ను పగిలితే నొప్పి అలాగే వస్తుందని, ఏ పన్నో రోగి సరిగా చూపించలేకపోవచ్చని కాలేజీలో అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నదాన్ని. టార్చి తీసి పక్కనుంచి వెలుతురు వేశాను. ఫ్లోరిన్ చారలను దాటుకుని వెలుతురు అవతలికి పోయింది. ఒక్క గీత దగ్గర ఆగిపోయింది. మొదటి రోజు దాన్ని కూడా చార కిందే లెక్కగట్టి వదిలేశాను. ముందు నుంచి వెనక్కి పోయే పగులు ఎక్స్‌రేలో పడదు. ముందున్న మంచి పన్నును నేను పీకేయబట్టే ఆ పగులు మొదలు ఇప్పుడు కంటికి కనబడుతోంది.

పగులు వేరులోకి దిగి ఉంటే ఇదీ పీకాల్సిందే. ఇదీ పోతే ఆమె దేనితో తింటుంది? సన్నటి కొలత కడ్డీని చిగుళ్ల వెంట దించుతూ పంటి చుట్టూ తిరిగాను. వేరు చీలి ఉంటే ఎక్కడో ఒకచోట కడ్డీ లోపలికి జారుతుంది. కడ్డీ ఎక్కడా జారలేదు.

ఆమె నా మొహం చూసి, తానే తప్పు పన్ను చూపించానేమో, నీ తప్పేం లేదులే అంది. ఊ అంటే సరిపోయేది. బెంచీ మీద వాళ్లకు మా మాటలు వినబడుతున్నాయి.

"లేదక్కా. నువ్వు నొప్పి చూపించినావు. ఏ పన్నో కనుక్కోవాల్సింది నేను. మంచి పన్ను పీకేసినా."

ఆమె వెనక పంటి మీద వేలు పెట్టింది. ఇదన్నా ఉంటుందా అని అడిగింది. ఉంచడానికి చూస్తాను, మాట మాత్రం ఇవ్వలేనన్నాను.

పంటి చుట్టూ స్టీలు పట్టీ వేసి సిమెంటుతో అతికించాను. బండి చక్రానికి పట్టా వేసినట్టు వేశావని నవ్వింది. రెండు వారాల్లో నొప్పి చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. అప్పుడు పన్ను తెరిచి రూట్ కెనాల్ చేశాను. పగులు పంటి అడుగు దాకా రాలేదు. పంటి కొలత బెంగుళూరు ల్యాబుకు పంపితే, పంటి మీద తొడిగే క్యాపు బస్సు పార్సిల్లో వచ్చింది. అది బిగించాక ఆమె కొంగులోంచి ఒక విత్తనం తీసి కొరికింది, నోరు తెరిచింది. నమ్మకం లేక ఇంకోసారి కొరికింది. ఆ తర్వాత దాన్ని నమిలి మింగేసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

కుర్చీ దిగేటప్పుడు ఆ దూది ఉండను నా ట్రేలో పెట్టింది. నొప్పి తగ్గింది కదా, పూడుస్తానన్నావే అన్నాను.

"నీ దగ్గరే పెట్టుకోమ్మా. ఇంగొకరిది పీకే ముందర ఒకతూరి చూడు."

పళ్లు పీకే పట్టకారు ఉండే డ్రాయరులో ఆ పన్నును చిన్న సీసాలో పెట్టాను. పట్టకారుకు చెయ్యి పోతే ముందు సీసా తగిలేది. మొదట్లో ఒళ్లు మండేది. బయట పారేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను కూడా. రానురాను అది తగలగానే చెయ్యి వెనక్కి తీసుకుని, ఇంకోసారి కొరకమని అడగడం అలవాటయింది. విత్తనాల డబ్బా ఒకటి టేబుల్ మీదికి చేరింది.

ఏడెనిమిదేళ్ల తర్వాత, ఏ నొప్పీ లేకుండా ఆమె మేడెక్కి వచ్చింది. క్యాపు అరిగింది కానీ పన్ను గట్టిగానే ఉంది. తన పన్ను ఉందా అని అడిగింది. డ్రాయరు తెరిచి సీసా ఇచ్చాను. పన్ను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇప్పుడన్నా తీసుకుపోయి పూడ్చుకోమన్నాను.

ఆమె తలుపు వైపు చూసింది. పన్నును సీసాలో వేసి, సీసాను పట్టకారు పక్కన పెట్టింది.

"బెంచీ మీద ఇంగా జనం ఉండారు గదమ్మా," అని డ్రాయరు తనే మూసింది.