ఫ్యాన్లు ఆగిన గదిలో జపనీస్ పరీక్ష: లక్డారం నుంచి తార్నాక దాకా

లక్డారం నుంచి పటాన్‌చెరు వెళ్ళే దారిలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో నేను చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కార్ల తలుపులకు వాడే చిన్న చిన్న ఇనుప భాగాలు అక్కడ తయారవుతాయి. నా పని ప్రెస్ షాపులో, అంటే పెద్ద యంత్రం ఇనుప రేకును దెబ్బకొట్టి వంచే చోట, తయారైన ముక్కల్ని కొలిచి చూడటం. ఆ చప్పుడుకో, చిన్నప్పుడు చెవిలో పట్టిన చీముకో తెలియదు గాని, రెండేళ్ళ కిందట నా ఎడమ చెవి దాదాపుగా పోయింది. సంగారెడ్డిలో చూపించుకుంటే డాక్టరు గారు పోయిన చెవి సంగతి పక్కన పెట్టి, ఉన్న చెవిని కాపాడుకోమన్నారు. చప్పుడు లేని చోటికి మారే వీలుంటే వెంటనే మారమన్నారు.

మారడానికి నాకు కనిపించింది ఒకే ఒక్క దారి. మా ఫ్యాక్టరీకి జపాన్ నుంచి కొత్త యంత్రాలు వస్తున్నాయి. వాటితో వచ్చే శిక్షకుల మాట అర్థం చేసుకుని మనవాళ్ళకు నేర్పగలిగిన మనుషులు కావాలనీ, జపనీస్ ప్రావీణ్య పరీక్షలో ఎన్‌-ఫోర్ పాసైనవాళ్ళను శిక్షణ గదిలోకి తీసుకుంటామనీ నోటీసు పెట్టారు. ఐదు స్థాయిల్లో కింది నుంచి రెండోది ఎన్‌-ఫోర్. పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం అన్నీ ఉంటాయి. మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా వినికిడి భాగంలో విడిగా కనీస మార్కులు రాకపోతే పాస్ కానట్టే. చెవిని కాపాడుకోవడానికి నేను గెలవాల్సింది చెవితో రాసే పరీక్షనే.

సంగారెడ్డిలో శైలజ మేడం దగ్గర చేరాను. ఆవిడ భర్త ఉద్యోగం కోసం నగోయాలో ఆరేళ్ళు ఉండి వచ్చారు. ఇప్పుడు శనివారాలు ఇంట్లోనే పాఠాలు చెబుతారు. మొదటి రోజే ఆవిడ నా భయం సగం తీసేశారు. జపనీస్‌లో కూడా మనలాగే క్రియ చివరికి వస్తుందనీ, 'తిని చూస్తాను' అని మనం ఎలా అంటామో వాళ్ళూ అచ్చం అలాగే 'తబెతె మిరు' అంటారనీ చెప్పారు. ఇంగ్లీషులో ఎన్నడూ దొరకని సుఖం నాకు ఆ భాషలో దొరికింది. చిక్కు ఎక్కడంటే, అవునో కాదో తేలేది కూడా మనలాగే మాట చివర్లోనే. తింటాను, తినను. ఆ చివరి అక్షరాలు అందకపోతే అర్థం తలకిందులవుతుంది. మనుషులు గొంతు తగ్గించేది కూడా సరిగ్గా అక్కడే.

ఇంట్లో ఇయర్‌ఫోన్ కుడి చెవిలో పెట్టుకుని వింటే బాగానే అర్థమయ్యేది. కానీ పరీక్షలో ఇయర్‌ఫోన్లు ఉండవు, గది మొత్తానికీ స్పీకరు పెట్టి వినిపిస్తారని మేడం ముందే హెచ్చరించారు. మా ఇంట్లో అంత స్పీకరు లేదు. ఒకరోజు మా చర్చి అయ్యగారి భార్యతో ఈ సంగతి చెప్పుకుంటుంటే ఆవిడ కాసేపు విని, తన కొంగుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టారు.

"చర్చిల స్పీకరు వారమంత ఖాళీగనే ఉంటది. షిఫ్టు దిగినంక వచ్చి పెట్టుకో. నీ జపాన్ ముచ్చట్లు దేవుడు గూడ ఇంటడు," అన్నారు.

అలా రెండు నెలల పాటు మా చర్చిలో జపాన్ ఆడవాళ్ళూ మగవాళ్ళూ రైలు ఎన్ని గంటలకో, గొడుగు ఎక్కడ మరిచిపోయారో మాట్లాడుకున్నారు. నేను రోజుకో బెంచీలో కూర్చుని వినేదాన్ని. అయ్యగారి భార్య అప్పుడప్పుడు వచ్చి వెనక కూర్చుని కూరగాయలు తరుక్కునేవారు. పరీక్ష జులై మొదటి ఆదివారం. ఆ రోజు మాకు ప్రభు భోజనం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆరాధన. మా అమ్మ అది తప్పుతుందని బాధపడింది. అయ్యగారికి తెలిసి, ఆరాధన కంటే ముందే తెల్లవారగానే నన్ను పిలిచి ఇచ్చేశారు. ఆయన చేసిన ప్రార్థన కూడా చిన్నదే. ఈ బిడ్డకు వినబడాలి అని మాత్రం అడిగారు.

ఆ రోజు మాకు మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా కేంద్రంలో ఉండాలని హాల్‌టికెట్ మీద ఉంది. లక్డారం నుంచి ఎనిమిదింటికి షేర్ ఆటో ఎక్కాను. నేను కుడివైపు చివర కూర్చుంటే పక్కవాళ్ళ మాటలు ఎడమ చెవి వైపు పడతాయి కాబట్టి ముందు డ్రైవరు పక్కన కూర్చుంటానన్నాను. డ్రైవరు మల్లేశం అన్న ఎందుకని అడగకుండా జరిగాడు. ఎక్కడికని మాత్రం అడిగాడు. జపాన్ భాష పరీక్షకని చెబితే ఆశ్చర్యపోయి, మామూలుగా దించే ఆటో స్టాండులో కాకుండా పటాన్‌చెరు బస్టాపు దాకా తీసుకెళ్ళి దించాడు. ఎక్కువ కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదు.

పటాన్‌చెరు నుంచి మియాపూర్‌కు సిటీ బస్సులు ఆదివారం కూడా వెంట వెంటనే ఉంటాయి. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే టికెట్టు ఉచితం. లింగంపల్లి దగ్గర బస్సు ఆగి ఆగి నడిచింది, అందుకని ఈ ముక్కకు గంటైనా చేతిలో పెట్టుకోవాలి. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో నాగోల్ వైపు వెళ్ళే రైలుకు మారితే తార్నాకలో దిగొచ్చు. వంద రూపాయల లోపే అవుతుంది. స్టేషను నుంచి మా కేంద్రంగా ఉన్న కాలేజీకి నడిచి వెళ్ళాను.

కాలేజీ ఎదురుగా ఒక చిన్న మెస్సులో పెరుగన్నం తిన్నాను. వడ్డించే పెద్దామె నా సంచీలో పెన్సిళ్ళు చూసి పరీక్షా అని అడిగింది. ఔనన్నాను. రెండోసారి అన్నం పెట్టబోయి ఆగిపోయింది.

"సాలు బిడ్డా, కడుపు నిండితే నిద్రొస్తది. అయినంక రా, మిగిలింది అప్పుడు తిందువు," అంది.

లోపలికి వెళ్ళేటప్పుడు హాల్‌టికెట్, గుర్తింపు కార్డు చూస్తారు. ఫోను పూర్తిగా ఆపేసి కవర్లో పెట్టాలి. నా గదిలో నలభై మంది దాకా ఉన్నారు. ఇంజనీరింగ్ పిల్లలు, నర్సులు, ఇద్దరు ముగ్గురు నా వయసువాళ్ళు. నా సీటు కుడివైపు గోడ పక్కన, చివరి నుంచి రెండో బెంచీ. స్పీకరు ఎడమవైపు ముందు మూలలో ఉంది. అంటే సరిగ్గా నా పనిచెయ్యని చెవి వైపు. చర్చిలో ఏ బెంచీలో కూర్చున్నా కుడి చెవిని స్పీకరు వైపు తిప్పుకునేదాన్ని. ఇక్కడ అలా తిరిగితే జవాబు పత్రం కనిపించదు, పైగా పక్కవాళ్ళది చూస్తున్నాననుకుంటారు.

పదాలు, వ్యాకరణం, చదివే భాగాలు బాగానే రాశాను. మధ్యలో విరామం ఇచ్చారు. తర్వాత వినికిడి మొదలయ్యే ముందు స్పీకరు సరిగ్గా ఉందో లేదో చూడటానికి రెండు వాక్యాలు వినిపించారు. మా గదిలో పర్యవేక్షణకు ఉన్న మేడం, పెద్దావిడ, అందరికీ వినబడుతోందా అని అడిగారు. తలలన్నీ ఊగాయి. నా తల పైన ఫ్యాన్ టకటక కొట్టుకుంటోంది. నాకు మాట మొదలు అందింది, చివర అందలేదు.

ఫ్యాక్టరీలో నేను ఇన్నాళ్ళూ ఇలాంటప్పుడు తల ఊపేసి, తర్వాత ఎవరినో అడిగి తెలుసుకునేదాన్ని. ఇక్కడ తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు. చెయ్యెత్తి, నాకు వినబడట్లేదని చెప్పాను. గది మొత్తం వెనక్కి తిరిగి చూసింది. మేడం నా దగ్గరికి వచ్చారు. ఎడమ చెవి పనిచెయ్యదని చెప్పాను. సీటు మార్చడానికి వీల్లేదనీ, అలాంటిది ముందే దరఖాస్తులో రాయాలనీ నెమ్మదిగా చెప్పి, ఇప్పుడు ఏం చేస్తే నీకు ఉపయోగమని అడిగారు.

"ఫ్యాన్లు ఆపితే చాలు మేడం," అన్నాను.

ఆవిడ ముందుకు వెళ్ళి అందరినీ అడిగారు. ఎవరికైనా ఇబ్బంది అయితే చెప్పమన్నారు. జులై ఉక్కపోత, చప్పుడు రాకుండా కిటికీలు కూడా మూసి ఉన్నాయి.  నా ముందు బెంచీలో ఉన్న మనిషి చొక్కా అప్పటికే వీపుకు అతుక్కుని ఉంది. అతనే ముందుగా అన్నాడు.

"బంద్ చెయ్యండి మేడం. అక్క ఇనాలె గద."

ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగాయి. అంత నిశ్శబ్దం నేను ఏళ్ళ తరబడి వినలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక జపాన్ ఆవిడ, ఇంటికి వచ్చేటప్పుడు పాలు తేనక్కర్లేదని భర్తకు చెప్పింది. ఆ 'అక్కర్లేదు' నాకు వినబడింది. తర్వాతి అరగంట పైచిలుకు నా చుట్టూ ఉన్నవాళ్ళు చేతిరుమాళ్ళతో ముఖం తుడుచుకుంటూ రాశారు. ఒక్కరూ పేపరుతో విసురుకోలేదు, ఆ చప్పుడు కూడా నాకు అడ్డమని వాళ్ళకు తోచింది కాబోలు. కొన్ని ప్రశ్నలు నాకు అందలేదు, అది నా చదువు లోపం. అందినవి మాత్రం చివరి అక్షరం దాకా అందాయి.

బయటికి వచ్చాక ముందు బెంచీ మనిషిని వెతికి దండం పెట్టాను. అతను సిగ్గుపడి, మూడో ప్రశ్నకే ఫ్యాన్ల సంగతి మరిచిపోయానన్నాడు. మేడంకు చెబుదామంటే ఆవిడ జవాబు పత్రాలు లెక్కపెట్టుకుంటున్నారు, తలుపు దగ్గర నుంచే తల వంచాను. ఆవిడ చెయ్యెత్తారు. సాయంత్రం పటాన్‌చెరులో నా భర్త డేవిడ్ బండి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎట్ల రాసినవని అడిగాడు. పాసైతనో కానో తెల్వదు, గానీ వినబడ్డదని చెప్పాను. ఇద్దరం బండెక్కాం. దారంతా నా కుడి చెవి వైపుకు తల తిప్పి కబుర్లు చెప్పాడు.

ఆగస్టు చివర్లో ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. వినికిడిలో కనీస మార్కుల కంటే కాస్త పైన ఉన్నాను, అంతే. ఇప్పుడు నేను శిక్షణ గదిలో పనిచేస్తున్నాను. మొన్న డాక్టరు గారు పరీక్ష చేసి, కుడి చెవి కిందటిసారి ఎట్లా ఉందో అట్లాగే ఉందన్నారు. ఈ ప్రయాణం తలుచుకుంటే నాకు నా కష్టం కంటే మనుషులే ఎక్కువగా గుర్తొస్తారు. తాళం చేతికిచ్చినావిడ, ఆటో ముందుకు పోనిచ్చిన అన్న, పేర్లు కూడా తెలియని ఆ నలభై మంది. వాళ్ళలో కొందరు ఆ ఉక్కపోత వల్లే ఒకటి రెండు మార్కులు పోగొట్టుకుని ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా వాళ్ళందరూ పాసై ఉండాలని కోరుకుంటాను.

ఈ పరీక్షకు వెళ్ళబోయేవాళ్ళకు ఒక్క మాట. వినికిడి, చూపు, చేతి పట్టు, దేనిలో ఇబ్బంది ఉన్నా పరీక్షకు నమోదు చేసుకునేటప్పుడే ప్రత్యేక ఏర్పాట్ల కోసం అడగండి, డాక్టరు కాగితం ముందుగానే తెచ్చి పెట్టుకోండి. ఆ తేదీ దాటితే కేంద్రంలో ఉన్నవాళ్ళకు మనసున్నా మీ సీటు మార్చే అధికారం ఉండదు.