ఇసుకలో చర్చి గోడలు

మా మేట్రన్‌కి పాత గోడలంటే పిచ్చి. ఆమెది ఐర్లాండ్‌లో ఒక పల్లెటూరు. అక్కడ ఎవరో దొరల ఎస్టేటుకి వాళ్ళ నాన్న గేటు కాపలాదారట. గేటు పక్క చిన్న ఇంట్లో పుట్టి, లోపలి బంగళాని దూరం నుంచే చూస్తూ పెరిగిందట. దొరలు పోయాక ఆ బంగళాని జనానికి చూపించడం మొదలుపెట్టారు. మొదటిసారి టికెట్టు కొనుక్కుని, ముందు గుమ్మంలోంచి తలెత్తుకుని లోపలికి నడిచిన రోజు గురించి ఆమె మాకు ఎన్నిసార్లు చెప్పిందో. అప్పట్నుంచీ సెలవు దొరికితే చాలు, కోటలు, కూలిన మఠాలు, పాడుబడ్డ బంగళాలు వెతుక్కుంటూ ఊళ్ళు పట్టుకు తిరిగేదట. ఆమె గదిలో మంచం చుట్టూ ఆ ఫోటోలే.

నేను పనిచేసిన ఆసుపత్రి సౌదీ అరేబియాలో ఖతీఫ్‌లో ఉండేది. రెండువేల తర్వాతి సంవత్సరాలవి. నర్సులందరం వెనకాల హాస్టల్లో ఉండేవాళ్ళం. గేటుకి తాళం. వారానికోసారి బస్సెక్కించి బజారుకి తీసుకెళ్ళి, కాసేపు తిరగనిచ్చి, తలలు లెక్కపెట్టుకుని తీసుకొచ్చేవారు. అలాంటి చోటికి వచ్చి ఆమె గురువారాల్లో ఔటింగులు మొదలుపెట్టింది. ఆసుపత్రి డైరెక్టర్‌ని మేం ముదీర్ అనేవాళ్ళం. ఆయన్ని ఎలా ఒప్పించిందో గానీ ఒక వ్యానూ, డ్రైవరూ సంపాదించింది. తారూత్ కోట, హుఫూఫ్‌లో తెల్లటి బురుజుల కోట, ఉఖైర్‌లో సముద్రం ఒడ్డున పాత రేవు. ఎక్కడ పాత గోడ ఉందని తెలిస్తే అక్కడికి పోనిచ్చేది.

మాకు గోడలతో పనిలేదు, గాలి కావాలి. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. అందుకే ఎవరు రావాలో తనే ఎంచేది. వార్డులో ఎదురు మాట్లాడినవాళ్ళకి చోటుండేది కాదు. వ్యాన్లో కునికిపాట్లు పడ్డవాళ్ళకి మరుసటిసారి ఉండేది కాదు. అక్కడికి వెళ్ళాక బడిపిల్లల్లా వరసగా నిలబెట్టి ప్రశ్నలడిగేది. హుఫూఫ్ కోట ముందు ఒక మలయాళీ అమ్మాయిని అడిగింది, "ఈ గోడ ఇంత మందంగా ఎందుకు కట్టారో చెప్పు."

"లోపల చల్లగా ఉండడానికి మేడమ్," అంది ఆ పిల్ల.

"కాదు. నీలాంటి వాళ్ళని బయట ఉంచడానికి."

మేమంతా నవ్వాం. నవ్వితే వచ్చే గురువారం సీటు ఖాయం. ఆ పిల్ల కూడా నవ్వింది.

నా గదిలో ఉండే అక్కది నర్సాపురం దగ్గర. మా అందరికన్నా పెద్దది. కాన్పుల వార్డులో ఏళ్ళ తరబడి నిలబడి మోకాళ్ళు అరగ్గొట్టుకుంది. తారూత్ వెళ్ళినప్పుడు కోట గుట్ట మీద కనిపించేసరికి, తను వ్యాన్లోనే కూర్చుంటానంది. మేట్రన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంత చిన్న గుట్ట ఎక్కలేని మనిషి వార్డులో ఎలా నిలబడుతోందో నేను కనుక్కోవాలి," అంది. అక్క దిగింది. నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, పైన తొడుక్కున్న నల్ల అబాయా అంచు పళ్ళతో కరిచిపట్టుకుని ఎక్కింది. పైకి చేరాక ఖర్జూరం తోటల అవతల నీలంగా ఒక గీత కనిపించింది.

"ఒసే, సముద్రమే!" అంది ఆయాసపడుతూ. "ఇక్కణ్ణుంచి మా నర్సాపురం ఎటేపే?"

నాకు తెలీదు. ఏదో ఒకవైపు చెయ్యి చూపించాను. అక్క అటు తిరిగి చాలాసేపు చూసింది.

ఆ తర్వాత కొన్ని నెలలకి అక్క భర్త చనిపోయాడు. ఐసు ఫ్యాక్టరీలో పని ఆయనకి. పనిలోనే గుండె ఆగిపోయింది. కబురు తెలిసేటప్పటికి అక్క డ్యూటీలో ఉంది. చేతి తొడుగులు విప్పేసి తిన్నగా మేట్రన్ గదికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

మేట్రన్ లేచి వచ్చి కుర్చీ వేసింది. టీ కలిపి ఇచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని, తన తండ్రి పోయినప్పటి సంగతి చెప్పింది. అక్క ఏడుస్తూనే, "మేడమ్, పాస్‌పోర్టు ఇప్పించండి. మట్టి వేసి వచ్చేస్తాను," అంది.

మా పాస్‌పోర్టులు ఆఫీసులో ఉండేవి. దేశం దాటి మళ్ళీ రావాలంటే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కావాలి. దానికి ముందు మేట్రన్ సంతకం కావాలి.

"తనిఖీ బృందం వస్తోంది కదా," అంది మేట్రన్. "అది అయ్యేదాకా ఎవరికీ సెలవుల్లేవు. నీకిస్తే రేపు అందరి ఇళ్ళలోనూ ఎవరో ఒకరు చనిపోతారు."

"నేను అబద్ధం చెప్పట్లేదు మేడమ్."

"నువ్వని నేననలేదు. కొంచెం ఓపిక పట్టు. చనిపోయినవాళ్ళకి తొందరుండదు."

ఆ మాట చాలా మెత్తగా అంది. అక్క టీ తాగకుండా కప్పు బల్ల మీద పెట్టేసి బయటికొచ్చింది.

అక్కడ ఊళ్ళో ఆయన్ని పూడ్చకుండా ఆపగలిగినంత కాలం ఆపారు. ఫ్యాక్టరీలో తోటివాళ్ళే ఐసు దిమ్మలు మోసుకొచ్చి పెట్టారు. భూస్థాపన రోజున అక్క మరిది సెల్‌ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఇక్కడ మందుల గదిలో అక్క ఫోను చెవికి ఆనించుకుని నిలబడింది. పాస్టరుగారి గొంతు కాస్త వినిపించిందట. తర్వాత అంతా గాలి మోత. గాలిలోంచి ఎవరో దగ్గుతున్నారట. డబ్బులైపోయి ఫోను ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే ఒక కాన్పు చేసింది. మగపిల్లాడు. తల్లి సంతోషంతో అక్క నుదురు ముద్దు పెట్టుకుంది.

తనిఖీ అయిపోయాక మళ్ళీ అడిగింది. "ఇప్పుడు వెళ్ళి చేసేదేముంది? అంతా అయిపోయింది కదా. నీ మామూలు సెలవు వచ్చినప్పుడు వెళ్ళు," అంది మేట్రన్. కానీ అక్క మొహం చూసి కొంచెం జాలిపడింది కూడా. అబద్ధమాడకూడదు, ఆమెలో అదీ ఉంది. అప్పుడే చెప్పింది, జుబైల్ దగ్గర ఎడారిలో చాలా పాతకాలపు చర్చి గోడలు ఇసుకలోంచి బయటపడ్డాయని. గోడ మీద సిలువ గుర్తులుండేవట. చుట్టూ కంచె వేశారట. దారి కనుక్కుంది. "నిన్ను అక్కడికి తీసుకెళ్తాను. నీకు మంచిది," అంది.

ఆ వారమంతా అక్క వేరే మనిషైపోయింది. మా ప్రార్థనలు ఆ దేశంలో నిషేధం, గదిలో చేసుకోవాలన్నా తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కి గుసగుసగా చేసుకునేవాళ్ళం. ఇప్పుడు చర్చి దగ్గరికే వెళ్ళబోతున్నాం. "పైకప్పు లేకపోతే ఏంటే, ఒకప్పుడు జనం మోకాళ్ళేసిన చోటేగా. ఆయన పేరు చెప్పి అక్కడ రెండు మాటలు అనుకుంటాను. అంతే," అంది.

ఆ గురువారం వ్యాన్లో కొద్దిమందిమే ఉన్నాం. డ్రైవరు కడప ఆయన, సాయిబు. మమ్మల్నందర్నీ సిస్టరమ్మా అని పిలిచేవాడు. తారు రోడ్డు వదిలి ఇసుక దారిలోకి దిగమనగానే ఆపేశాడు.

"సిస్టరమ్మా, యాడికి పోతాండామో ఈయమ్మకన్నా తెలుసునా? ఈడ ఎవురన్నా పట్టుకుంటే ఈడ ఉండే కార్డు, నా ఇఖామా పీకి ఇంటికి పంపిస్తారు. నాకు ఇద్దరాడపిల్లలు."

మేట్రన్‌కి ఆ మాటలు చెప్పాను. "అలాగైతే రేపట్నుంచి చెత్త బండి తోలుకోమను," అంది. నేను ఆ మాట చెప్పలేదు. చెప్పకపోయినా ఆమె మొహం చూసి అర్థం చేసుకుని గేరు వేశాడు.

కంచె దూరం నుంచే కనిపించింది. లోపల నడుము ఎత్తు గోడలు, మూడు గదుల ఆకారం, ఇసుక రంగే. నేనింకా పెద్దగా ఏదో ఊహించుకున్నాను. మేట్రన్ మాత్రం పరుగులాంటి నడకతో వెళ్ళింది. కంచె సందులోంచి కెమెరా పెట్టి ఫోటోలు తీస్తూ, బలిపీఠం ఎటుండేదో, సన్యాసులు ఎటు నిలబడేవారో మాకు చెబుతోంది. ఆ సంతోషం నిజమైనదే.

అక్క కంచె పట్టుకుని మెల్లగా కిందికి దిగింది. గులకరాళ్ళ మీద మోకాళ్ళేసింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. కాసేపటికి సన్నగా ఒక రాగం వచ్చింది. పాట అని కూడా అనలేం. భర్త పేరు మాత్రం నాకు వినిపించింది.

మేట్రన్ వెనక్కి తిరిగింది. "ఏం చేస్తోంది? లేవమను."

"ఒక్క నిమిషం మేడమ్," అన్నాను.

"ఇది చరిత్ర చూసే చోటు. వేషాలు వేసే చోటు కాదు. లే!"

అక్క లేవలేదు. కావాలని కాదు. ఆ మోకాళ్ళతో కింద కూర్చున్నాక ఎవరో ఒకరు లేపాలి. నేను చంకల కింద చేతులు వేసి లేపుతుండగానే దుమ్ము రేపుకుంటూ ఒక జీపు వచ్చింది. కాపలా మనిషి, కుర్రవాడే, నిద్రలోంచి లేచి వచ్చినట్టున్నాడు. అరబ్బీలో ఏంటని అడిగాడు. డ్రైవరు చేతులు జోడించినంత పని చేసి, ఆసుపత్రి వాళ్ళం, దారి తప్పామని చెప్పాడు. కుర్రవాడు మా అబాయాలూ, మేట్రన్ మొహమూ చూసి చెయ్యి ఊపాడు. యల్లా, వెళ్ళిపోండి అని. అంతే. అంతటితో అయిపోయేది.

కానీ మేట్రన్‌కి భయం పట్టుకుంది. చేతిలో కెమెరా ఉంది. తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ కూడగట్టుకుని, అక్క వైపు వేలు చూపించి, "ఈమె, ఈమె ప్రార్థన, నేను కాదు," అంది. కుర్రవాడికి చిరాకేసింది. వినకూడని మాట విన్నట్టు మొహం పక్కకి తిప్పుకుని, మళ్ళీ యల్లా అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్లో చూశాను. అక్క అబాయా మోకాళ్ళ దగ్గర చిరిగింది.

అక్కడితో వదిలేస్తుందనుకున్నాం. కాపలా వాళ్ళు ఎక్కడైనా చెబుతారేమోనని ముందుగా తనే ముదీర్‌కి చెప్పేసింది. ఔటింగులో ఒక నర్సు తన మాట వినకుండా బహిరంగంగా ప్రార్థనకి దిగిందని. నన్ను ఆఫీసుకి పిలిచారు. ఈజిప్టు ఆయన ఒకరు సిబ్బంది వ్యవహారాలు చూసేవాడు.

"ఆవిడ ప్రార్థన చేసిందా?"

"మోకాళ్ళ నొప్పి సార్. కూర్చుంది."

"నువ్వు చూశావా?"

"నేను గోడలు చూస్తున్నాను. మేడమ్ గోడలే చూడమంటారు."

ఆయన నవ్వలేదు. "సిస్టర్, నువ్వు మంచిదానివి. కానీ మేట్రనే చెప్పాక నేనేం చెయ్యను?" అన్నాడు.

అక్కకి ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. ఇక ఈ దేశానికి మళ్ళీ రానక్కర్లేదని. మొగుడు చచ్చిపోయాడంటే బీరువాలోంచి కదలని పాస్‌పోర్టు ఆ వారం తిరక్కుండానే చేతికొచ్చింది. పెట్టె సర్దుతూ అక్క ఆ పాస్‌పోర్టుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "చూశావటే. వీళ్ళకి ఇయ్యడం చేతకాక కాదు," అంది.

విమానాశ్రయానికి వెళ్ళే బండి ఎక్కుతుంటే మేట్రన్ వరండాలోకి వచ్చింది. "ఇంటికెళ్ళాలనే కదా అడిగావు," అంది నవ్వుతూ. ఎగతాళి కాదు. నిజంగానే ఓదార్పనుకుంది. అక్క ఆమెకి నమస్కారం పెట్టింది. ఎందుకు పెట్టావని తర్వాత ఫోన్లో అడిగితే, "చెయ్యి అలవాటు కొద్దీ లేచిందే," అంది.

ఆ తర్వాత చాలా నెలలు నాకు ఔటింగులు లేవు. మేట్రన్ పిలవలేదు, నేనూ అడగలేదు. గురువారం మధ్యాహ్నాలు హాస్టల్ మేడ మీద, నీళ్ళ ట్యాంకుల మధ్య నడిచేదాన్ని. అక్క ఫోన్లో తిట్టేది. "దాంతో నీకు పంతమేంటే? గోడలు చూత్తానని చెప్పి బయటికి పో. గాలి పీల్చుకునేది నువ్వేగా." మేట్రనే ఒకరోజు, తనకి మనసులో ఏదీ పెట్టుకునే అలవాటు లేదనీ, వచ్చే గురువారం రావచ్చనీ చెప్పింది. వెళ్ళాను. కోట ముందు నిలబడ్డాను. ప్రశ్న అడిగితే జవాబు చెప్పాను.

ఆ ఎండాకాలం ఆమె సెలవు మీద ఐర్లాండ్ వెళ్ళొచ్చింది. వచ్చిన రోజే వార్డులో బల్ల మీద ఫోటోలు పరిచింది. కోటలు, బురుజులు, గొర్రెలు మేస్తున్న మఠాలు. వాటిలో ఒకటి చేతికిచ్చి, "ఇది చూడు," అంది. కూలిన మఠం. గోడల మధ్యే పచ్చటి గడ్డి, గడ్డిలో సమాధి రాళ్ళు. వాళ్ళ ఊరివాళ్ళని ఇప్పటికీ అందులోనే పెడతారట. ఒక రాయి ముందు ఆమె మోకాళ్ళేసి, తల వంచి ఉంది.

"మా నాన్న," అంది. "ఏటా వెళ్తాను. అక్కడ మోకాళ్ళేస్తే తప్ప నాకు నిద్ర పట్టదు."

ఆమె మొహంలోకి చూశాను. ఏదైనా గుర్తొచ్చిందేమోనని. ఏమీ లేదు. నేనెలా ఉందంటానో వినడానికి ఎదురుచూస్తోంది, అంతే. "బాగుంది మేడమ్," అని ఫోటో వెనక్కిచ్చేశాను. ఆమె దాన్ని పక్క అమ్మాయికి అందించింది.

కాంట్రాక్టు అయిపోయాక నేను తబూక్‌లో వేరే ఆసుపత్రికి మారాను. మధ్యలో ఇంటికొచ్చినప్పుడు నర్సాపురం వెళ్ళి అక్కని చూశాను. వీధి గదిలో బల్ల వేసుకుని బీపీలు చూస్తూ, ఇంజక్షన్లు చేస్తూ ఉంది. జుట్టు బాగా నెరిసింది. ఇద్దరం సమాధుల దొడ్డికి వెళ్ళాం. ఆయన సమాధికి అప్పటికింకా సిమెంటు కట్టలేదు. అక్కడ నిలబడి నేను ఆ ఫోటో సంగతి చెప్పాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.

అక్క అంతా విని, "గడ్డి ఉందా అక్కడ?" అంది.

"ఉంది. ఒత్తుగా."

"అయితే మోకాళ్ళకి మెత్తగానే ఉండుంటది," అంది.

దారిలో చేపలు కొంది. ఇంటికి చేరేసరికి అరుగు మీద ఇద్దరు మనుషులు ఇంజక్షన్ల కోసం కూర్చుని ఉన్నారు. చేపల సంచి నా చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.