డంపర్ అప్పగింతలు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నాకేదో వయసు మీద పడిందనుకునేరు. ఆ రోజులు మరీ అంత పాతవేం కావు, అందరి చేతుల్లో ఫోన్లున్న రోజులే, ఓ ఐదారేళ్ల కిందటివి. కాకపోతే ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తన మీద తనకుండే నమ్మకం ఉంటుంది చూడండి, అది మాత్రం ఇప్పుడు తలుచుకుంటే పురాణకాలం నాటి సంగతిలా ఉంటుంది. గోదావరిఖనిలో మా బాపుకు బొగ్గుగనుల కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో కూర్చుని, తలుచుకుంటే ఏదైనా చేయగలనని అనుకునేదాన్ని. తలుచుకోవడం వరకు బాగానే జరిగేది. టైలరింగ్ నేర్చుకుంటానని వెళ్లి జాకెట్టుకు ఒక చెయ్యి కుట్టాక ఆపేశాను. బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో శాతాల దాకా వెళ్లి, చక్రవడ్డీ మొదలయ్యే రోజున జ్వరం తెచ్చుకున్నాను. పొద్దున్నే లేచి నడుస్తానని కొన్న బూట్లు పెట్టెలోనే ముసలివయ్యాయి. ఇంట్లో నాకు 'సగం' అని పేరు స్థిరపడింది. చుట్టాలొచ్చినా సరే మా అమ్మ మొహమాటపడేది కాదు, "మా సగం ఏది, చాయ పెట్టమను" అనేది. (చాయ మాత్రం పూర్తిగానే పెట్టేదాన్ని, ఆ సంగతి ఎవరూ చెప్పరు.)

మా వీధి చివర బ్యూటీపార్లర్ నడిపే ఒకావిడ ఉండేది. ఆమెను అందరూ కుక్కలక్క అనేవాళ్లు. ముందుగదిలో ఆడవాళ్లకు కనుబొమలు తీర్చేది, వెనకగదిలో దెబ్బలు తగిలిన కుక్కలకు కట్లు కట్టేది. ఒకరోజు నేను కనుబొమలకని వెళ్తే, ఒకటి పూర్తయ్యాక దారం పక్కన పెట్టి అడిగింది. "చెల్లె, రెండంటె రెండు వారాలు ఒక కుక్కపిల్లను నీ తాన ఉంచుకుంటవా? మంచి ఇల్లు దొరకంగనే ఇచ్చేద్దాం. నా దగ్గర ఇంక జాగ లేదు." ఓపెన్‌కాస్టు గని రోడ్డు మీద బొగ్గు లారీల మధ్య తిరుగుతుంటే పట్టుకొచ్చిందట. నేను అద్దంలో ముఖం చూసుకున్నాను. ఒక కనుబొమతో బేరమాడే స్థితిలో లేను. సరేనన్నాను. అక్కడితో ఆగకుండా, మంచి ఇంటికి చేర్చేదాకా పూచీ నాదని గొప్పగా మాట కూడా ఇచ్చేశాను.

ఇంటికి తెచ్చాక తెలిసింది, అది పిల్ల కాదు, ఏడెనిమిది నెలల పడుచు కుక్క. కాటుకలా నల్లగా ఉంది. మూడుసార్లు స్నానం చేయిస్తే తెల్లగా తేలింది, చెవులు మాత్రం గోధుమరంగు. అప్పటికే నల్లకుక్క ఫోటో పెట్టి 'దత్తతకు సిద్ధం' అని నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పంపేశాను. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన బాపు మీదికి అది వాకిట్లోంచే ఉరికితే, ఆయన టిఫిన్ డబ్బాతో సహా గోడకు ఆనుకున్నాడు. "ఇదేంది బిడ్డా, బ్రేకుల్లేని డంపర్ లెక్క వస్తంది" అన్నాడు. బొగ్గు మోసే ఆ పెద్ద బండి పేరే దానికి ఖాయమైంది.

"రెండు వారాలకు కుక్కను తెచ్చుడేంది? ఉంచుకుంటె ఉంచుకోవాలె, లేకుంటె లేదు" అన్నాడు బాపు.

"ఇది బదిలీ లెక్క బాపూ. ఎవలన్న పర్మినెంటుగ తీసుకునే దాక మన తాన ఉంటది."

ఆ మాటకు ఆయన మెత్తబడ్డాడు. పర్మినెంటు కాకముందు బాపు చాలా ఏళ్లు బదిలీ కార్మికుడు. డ్యూటీకి రాని మనిషి స్థానంలో పని దొరుకుతుందేమోనని రోజూ గని దగ్గరికి వెళ్లి నిలబడి, ఎవరూ మానని రోజున ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడట. కుక్కను కాసేపు చూసి, "బదిలీ అని సిన్నసూపు సూడకుర్రి దాన్ని. ఇంత పాలు పొయ్యిర్రి" అని వెళ్లి పడుకున్నాడు. అమ్మ మాత్రం నన్నే చూస్తూ, "నువ్వు దీన్ని గూడ సగంల ఇడ్సిపెడ్తవు. వారం రోజులు, గంతే" అంది. నాకు రోషం వచ్చింది. ఈ ఒక్క పనైనా చివరిదాకా చేసి చూపించి, ఆ 'సగం' అనే పేరును ఇంట్లోంచి వెళ్లగొట్టాలని ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను. కుక్క మీద ప్రేమతో చేశానని తర్వాత్తర్వాత అందరితో చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి ఇదీ.

గని పనివాళ్ల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఒక విద్య తప్పనిసరిగా వస్తుంది, పట్టపగలు చప్పుడు చేయకుండా బతకడం. రాత్రి షిఫ్టు వారంలో బాపు పొద్దున పడుకుంటే సాయంత్రం దాకా టీవీలో బొమ్మలే కదులుతాయి, మాటలుండవు. అమ్మ కుక్కర్ పెట్టదు. పక్కింటి కాక వచ్చినా గుమ్మంలోంచే కళ్లతో మాట్లాడి వెళ్తాడు. అలాంటి ఇంట్లో డంపర్ మొదటిరోజు కూరగాయల బండిని చూసి మొరిగింది, ఫ్రిజ్ ఆన్ అయితే మొరిగింది, అల్మారా అద్దంలో తనను తాను చూసుకుని పావుగంట మొరిగింది. మొరిగినప్పుడల్లా అమ్మ దాన్ని పెరట్లోకి తోసి తలుపు వేసేది. అది అక్కడ నిలబడి ఇల్లంతా వినేలా ఏడ్చేది. మూడోసారి బాపు ఎర్రటి కళ్లతో లేచొచ్చి గడప మీద కూర్చుంటే, నేను తలదించుకుని డంపర్‌ను తీసుకుని రోడ్డున పడ్డాను. పెట్టెలోని బూట్లు అలా బయటికొచ్చాయి.

నాలుగో రోజు పెద్దవాన. బయటికి వెళ్లే వీల్లేదు. ఏం గండం వస్తుందోనని వంటగదిలో అమ్మా నేనూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. గంటైనా చప్పుడు లేకపోయేసరికి భయమేసి తొంగి చూస్తే, బాపు నవారు మంచం మీద నిద్రలో ఉన్నాడు. ఒక చెయ్యి మంచం మీంచి వేలాడుతూ డంపర్ తల మీద ఆనింది. డంపర్ రాయిలా కూర్చుంది. కళ్లు మాత్రం మా వైపు తిప్పింది. కదిలితే చెయ్యి జారుతుంది, జారితే ఆయన లేస్తాడు, లేస్తే తనకు పెరడే గతి. ఇంత లెక్క అది ఎలా వేసిందో గానీ, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరు పడుకున్నా వాళ్ల చెయ్యి కింద తల పెట్టి కూర్చునేది. మెలకువ వచ్చాక మాత్రం మళ్లీ డంపరే. "చెయ్యి తిమ్మిరెక్కింది, గంతే" అనేవాడు బాపు, ఎవరూ అడక్కపోయినా.

రెండు వారాలు రెండు నెలలయ్యాయి. సంబంధాలు వచ్చాయి, పోయాయి. ఫోటో చూసి ఒకాయన నల్లకుక్క కావాలని వచ్చాడు. ఆయనకు శని బాగాలేదట, శనివారం శనివారం నల్లకుక్కకు రొట్టె పెట్టమన్నారట. తెల్లటి డంపర్‌ను చూసి, "మోసం చేసిన్రు" అని వాకిట్లోనే అలిగి వెళ్లిపోయాడు. ఇంకొకాయన రామకృష్ణాపూర్ నుంచి వచ్చి ముచ్చటపడి తీసుకెళ్లాడు. నేను గెలిచానని అమ్మ ముందు ఒక పూట తల ఎత్తుకు తిరిగాను. తెల్లారి ఆయన అదే ఆటోలో డంపర్‌ను తెచ్చి దింపి, ఫోన్‌లో తన సోఫా ఫోటో చూపించాడు. ఫోటోలో సోఫా ఉందని ఆయన చెబితే నమ్మాలి. అమ్మ ఆ రోజు 'సగం' అని పిలవకుండా చాయ తానే పెట్టి ఇచ్చింది. అది ఇంకా అవమానంగా ఉండింది.

అప్పుడు కుక్కలక్క మంథని నుంచి ఒక సారు వస్తున్నాడని కబురు చెప్పింది. గుడి వీధిలో పాతకాలపు కుటుంబం, రిటైరైన తెలుగు సారు. నెమ్మదైన కుక్కయితేనే కావాలన్నాడట. నెమ్మదైనదేనని కుక్కలక్క చెప్పేసిందట. "ఒక్క పూట నెమ్మదిగ కనవడితె సాలు చెల్లె, ఏమన్న చెయ్యి" అంది. నేను ఆలోచించి ఉపాయం కనిపెట్టాను. సారు పదకొండింటికి వస్తాడు గనక, తెల్లవారగానే డంపర్‌ను గోదావరి వంతెన దాకా నడిపించి, ఒడ్డున ఇసుకలో ఉరికించి, మళ్లీ నడిపించి తెస్తే, అలిసిపోయి మూల పడుంటుంది. పథకం అక్షరాలా అమలైంది. ఒక్కటే తేడా, అలిసింది నేను. ఇంటికొచ్చాక డంపర్ బంతి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఒక్క నిమిషం నడుం వాలుద్దామని బాపు మంచం మీద వాలాను. బాపు మొదటి షిఫ్టులో ఉన్నాడు, అమ్మ కూరగాయలకు వెళ్లింది.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా రెండు కుర్చీల్లో కుక్కలక్క, తెల్లటి కండువా వేసుకున్న ఒక పెద్దాయన కూర్చుని నన్నే చూస్తున్నారు. నోరు తెరుచుకుని నిద్రపోయానని చెంప మీది తడే చెప్పింది. నా చెయ్యి వేలాడుతూ ఉంది. దాని కింద డంపర్, రాయిలా.

"మేం వచ్చి అరగంటైందమ్మా" అన్నాడాయన మెల్లగా. "నిన్ను లేపుదామంటే ఇది లేపనిచ్చేలా లేదు. తోక మాత్రం ఊపింది, నోరు విప్పలేదు. మా ఆవిడకు ఆరోగ్యం బాగాలేదు. రాత్రంతా నిద్ర పట్టదు, పగలెప్పుడో కన్నంటుకుంటుంది. ఇట్లాంటిదాని కోసమే వెతుకుతున్నాను."

కుక్కలక్క నాకు కన్ను గీటింది. నోరు మూసుకుని ఉంటే చాలు, పని పూర్తవుతుంది. పూర్తిగా. కానీ ఆయన ముఖం చూస్తే, ఆ సోఫా మనిషిలా తెల్లారి ఆటోలో తిరిగొచ్చే ఓపిక ఆయనకు ఉన్నట్టు కనిపించలేదు. "సార్, ఇది నెమ్మదైన కుక్క కాదు" అనేశాను. "పడుకున్నోళ్ల తాననే ఇట్లుంటది. మెలకువగ ఉన్నోళ్లను బతకనియ్యది." నేను లేచి కూర్చోవడమే ఆలస్యం, డంపర్ ఆయన కండువా లాక్కుని మంచం చుట్టూ మూడుసార్లు తిరిగి, పెరట్లోకి, అక్కడ్నించి వీధిలోకి దూసుకుపోయింది. కుక్కలక్క తల పట్టుకుంది. నా పూచీ, నా ఒట్టు, అన్నీ ఆ కండువాతోపాటు వీధిలో పోతున్నాయి.

ఆయన లేచి గుమ్మంలో నిలబడి వీధిలోకి చూశాడు. "మా ఇంట్లో మెలకువగా ఉండేది నేనొక్కణ్నే కదమ్మా" అన్నాడు. "పొద్దుమాపు ఎవరితోనూ మాట లేక నా గొంతు నేనే మరిచిపోయేటట్టున్నాను. నన్ను బతకనియ్యకపోతే నాకేం ఇబ్బంది లేదు."

వీధులన్నీ తిరిగి డంపర్‌ను పట్టుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. షిఫ్టు దిగి వచ్చిన బాపు సంగతి విని, బొగ్గు మసి కూడా సరిగ్గా కడుక్కోకుండా సారుకు ఎదురుగా కూర్చున్నాడు. యూనియన్ మీటింగులో కూర్చున్నట్టే కూర్చున్నాడు. సుస్తీ చేస్తే దవాఖానకు ఎవరు తీసుకుపోతారు? ఎండాకాలం నీళ్లెట్ల? వారానికి ఒక్కనాడన్న ముక్క లేకుంటె ఎట్ల? చివరి షరతు దగ్గర చర్చలు ఆగిపోయాయి. సారుది మాంసం పొలిమేర కూడా ఎరగని ఇల్లు. సారు గొంతు తగ్గించి, "పెరట్లో వేరే గిన్నె పెట్టి గుడ్డు పెడతాను. మా ఆవిడకు మాత్రం చెప్పకండి" అన్నాడు. బాపు తల ఊపాడు. ఒప్పందం కుదిరింది.

ఆటో ఎక్కించేటప్పుడు డంపర్ డ్రైవర్ పక్క సీట్లో ఎక్కి కూర్చుని ముందుకే చూసింది. షికారనుకుంది. అది మలుపు తిరిగాక అమ్మ నా భుజం మీద చెయ్యేసి, "ఒక పని పూర్తిగ ఒడగొట్టినవ్ బిడ్డా, సగంల ఇడ్వలేదు" అంది. ఇరవై మూడేళ్లుగా ఎదురుచూసిన మాట. నేను స్నానాలగదిలోకి వెళ్లి, నల్లా తిప్పి, ఏడ్చాను. పూర్తి చేయడమంటే ఇలా ఉంటుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, ఇంకో వంద పనులు సగంలో వదిలేసేదాన్ని. మరునాటి వారం రాత్రి షిఫ్టు. బాపు పొద్దున వచ్చి పడుకుని, గంటలోపే లేచి కూర్చుని, "ఇంత సప్పుడు లేకుంటె నిద్రెట్ల పడ్తది" అని అమ్మ మీద విసుక్కున్నాడు.

ఒక నెల ఆగి నేను మంథని వెళ్లాను. బస్సులో దారిపొడవునా ఒకటే బెంగ, నన్ను చూసి అది వెంటపడితే ఎలా? వదిలించుకుని ఎలా రావాలి? అందుకని చెప్పాల్సిన మాటలు వరుసగా తయారుచేసుకున్నాను. ఏడ్వకు, ఇది మంచి ఇల్లు, నేను మళ్ల వస్త, సారును సతాయించకు. బాగా వచ్చాయి మాటలు, నాకే ముచ్చటేసింది. సారు వాకిట్లో డంపర్ నన్ను చూసి ఉరికొచ్చింది, కింద పడేసింది, ముఖమంతా నాకింది, నేను తెచ్చిన బిస్కెట్లు కాగితంతో సహా తినేసింది. అంతా కలిపి రెండు నిమిషాలు. ఇంతలో సారు షికారుకని చెప్పులు వేసుకున్నాడు. ఆ చప్పుడుకు అది లేచి ఆయన వెంట వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. "క్షమించమ్మా, దీనికి మర్యాద ఇంకా నేర్పలేదు" అన్నాడాయన, తాడు లాగుతున్న వైపుకు దాదాపు పరుగెడుతూ.

ఇరవై మూడేళ్ల ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఒక కుక్కను ఓదార్చడానికి మంథని దాకా మాటలు మోసుకుపోయినదాన్ని. వాటిని వృథా చేయడమెందుకని తిరుగు బస్సులో నాకు నేనే చెప్పుకున్నాను. దారిలో సెంటినరీ కాలనీ దాకా బాగానే పనిచేశాయి. అక్కడ పక్క సీటావిడ దిగుతూ, తన కొంగుతో నా ముఖం ఒకసారి తుడిచి వెళ్లింది.