గుమ్మంలో నిలిచిన డిఫెండర్

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! తేదీ, అంకె లేని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. హోసూరు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క సంవత్సరాలు కొలతలు పరీక్షించిన వాడిని. కనుక 2023 జూన్ నుండి మొదలుపెడతాను. ఆ నెలలో నా భార్య సుగుణ ప్రభువు సన్నిధికి వెళ్ళింది. ఆ తరువాత జూజువాడిలోని మా ఇంట్లో లారీల మోత తప్ప మనిషి గొంతు లేదు. ఆదివారం ఆరాధనకు వచ్చేవాడిని గానీ, ఆశీర్వాదం ముగిసి అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకొనే లోపలే పక్క తలుపు గుండా వెళ్ళిపోయేవాడిని, "తిన్నావా?" అని ఎవరైనా అడిగితే నలుగురిలో ఏడ్చేస్తానని భయం. చివరకు బ్రతుకే వద్దనిపించి, "ప్రభువా, నా ఇంట్లో ఒక్క మనిషి మాట వినిపించు, లేదా నన్నూ తీసుకుపో!" అని మొరపెట్టాను.

ఆయన ఎవరిని పంపాడో వినండి! నా భాషలో ఒక్క ముక్క రాని వాడిని! మా మేడ మీది గదిలో అద్దెకు దిగిన మికోలా ఉక్రెయిన్ దేశస్థుడు. అక్కడ పదహారేళ్ళు ఫుట్‌బాల్ ఆడటమే వృత్తిగా బ్రతికి, మోకాలు చెడి విరమించి, ఇక్కడి పిల్లలకు ఆట నేర్పడానికి వచ్చాడు. ఎన్ని గోల్స్ కొట్టారని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. "మూడు" అన్నాడు.

"పదహారేళ్ళకు మూడేనా?"

"నేను డిఫెండర్‌ని. ఎదుటి జట్టు గోల్ కొట్టకుండా ఆపడమే నా పని. ఆపినవి ఎవరూ రాసిపెట్టరు."

ఆ మాట నాకు రుచించలేదు. రాయనిదాన్ని ఎలా నమ్మడం? అతడు ఆడిన మైదానం యుద్ధం వల్ల మూతపడిందట. సాయంత్రాలు తల్లి ఫోను కోసం మెట్ల మీద ఒంటరిగా కూర్చునేవాడు. నేను మాట్లాడకుండా దాటిపోయేవాడిని.

ఒక ఆదివారం, మత్తూరు నుండి బస్సులో వచ్చే మన రత్నమ్మవ్వ మా మెట్ల మీద అతణ్ణి చూసి, "ఈడ ఒక్కడే కూసోని ఏం చేస్తావప్పా? రా చర్చికి!" అని చేయి పట్టి తీసుకొచ్చింది. ఆశీర్వాదం ముగియగానే నేను పక్క తలుపు దగ్గరకు నడిచాను. గుమ్మంలో మికోలా! ఆట ముగిశాక, గెలిచినా ఓడినా, వరుసలో నిలబడి ప్రతివారితో చేయి కలపకుండా ఎవరూ మైదానం విడవరట; మన వందనాలు కూడా అదే అనుకున్నాడు. నన్ను తన పక్కన నిలబెట్టుకొని అందరితో చేతులు కలపసాగాడు, చేతులు జోడించి నిలుచున్న సహోదరీలతో కూడా! రత్నమ్మవ్వ చేయి పట్టి ఊపేసరికి, "అయ్యయ్యో! మా ఇంటాయనే నలుగురిలో నా చెయ్యి పట్టుకోలేదు, ఈ దొరప్ప పట్టేసినాడే!" అంది.

సంఘమంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ జూన్ తరువాత మొదటిసారి, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాను! "యాడికి పోతావప్పా? ఈడే తిని పో" అంది అవ్వ. ఆ రోజు నేను వెళ్ళలేదు.

అవ్వ అతడికి ఒక్క తెలుగు మాట నేర్పింది. ఇప్పుడు ప్రతి సాయంత్రం మేడ దిగి వచ్చి, "తిన్నావాప్పా?" అంటాడు. నా ఇంట్లో వినిపించమని నేను ప్రభువును అడిగిన మనిషి మాట అదే, సహోదరులారా! మరణం వైపు నడిచిన నన్ను ప్రభువు ఎన్నిసార్లు ఆపాడో నా దగ్గర లెక్క లేదు, ఎవరూ రాసిపెట్టలేదు, అయినా నమ్ముతున్నాను. దేవునికే మహిమ!

మీలో ఎవరైనా ఆ పక్క తలుపు దగ్గర ఒంటరిగా కూర్చొని ఉంటే, ఆయనను నమ్మండి, వందనాలు అయ్యేవరకు ఉండండి. వెళ్ళాలనుకున్నా వెళ్ళలేరు, గుమ్మంలో మికోలా నిలబడి ఉన్నాడు.