వాటా వేసిన బిళ్ళలు

మా వీధికి చేపలు తెచ్చే అప్ప నా మాట ఒక్కటీ నమ్మేది కాదు. కళింగపట్నంలో సొరచేప నా కళ్ళజోడు ఎత్తుకుపోయి, మర్నాడు అదే పెట్టుకుని ఒడ్డుకొచ్చిందని చెబితే, తట్ట దించి, "నీకు బువ్వెలా అరుగుతాది బాబూ?" అనేది.

మా ఇద్దరికీ షుగరే. బిళ్ళా ఒకటే. నాది మందుల షాపు నుంచి ఇంటికే వస్తుంది, మా ఆవిడ టిఫిను పళ్ళెం పక్కన పెడుతుంది. అప్ప మాత్రం చేపల బేరం మానుకుని ధర్మాసుపత్రిలో నెలకోసారి వరసలో నిలబడి తెచ్చుకునేది.

ఓ వేసవిలో ఆమె కాలివేలికి పుండు లేచింది. ఎంతకీ మానలేదు.

"బిళ్ళలు వేసుకుంటున్నావా అప్పా?"

"ఏసుకుంతన్నాం."

"వేసుకుంటున్నాం ఏమిటి?"

"నా తోటికోడలికీ సుగరే గదేటి. ఇద్దరం ఆస్పత్రికెల్తే సేపలెవులమ్ముతారు? నాను తెత్తాను, వాటాలేసుకుంతాం. ఓ రోజు నాను, ఓ రోజు అది."

వేటలో పడిన చేపల్లో బోటుకో వాటా, వలకో వాటా, జ్వరంతో ఒడ్డున ఉండిపోయినవాడికీ ఓ వాటా వేసే ఇళ్ళవి. మందుకీ అదే న్యాయం.

"రోజు విడిచి రోజు మింగితే పనిచెయ్యదు. డాక్టరుకి చెప్పు."

"సొరసేపకి కళ్ళజోడెట్టినోడివి, నువ్వా నాకు సెప్పీది?"

షుగరు దిగడం లేదని డాక్టరు బిళ్ళలు రెట్టింపు చేశాడు. ఆ రోజు ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇప్పుడు మా మరిదికీ సరిపోతాది బాబూ."

వానల్లో కాలు తీసేశారు. చలికాలం చూడకుండానే పోయింది. ఆ తర్వాత కూడా కొన్ని పొద్దుటిపూటలు మా గుమ్మంలో తట్ట దించిన చప్పుడు వినేవాణ్ణి. తలుపు తీస్తే నీచు వాసన ఉండేది, మనిషి ఉండేది కాదు. మా ఆవిడతో కూడా అనలేదు. సొరచేపకి కళ్ళజోడు పెట్టినవాణ్ణి, ఏ ముఖంతో అంటాను?

ఇప్పుడు తోటికోడలు వస్తోంది. ఆసుపత్రికి తనే వెళ్తోందట. హమ్మయ్య అనుకుని, "అయితే రోజూ వేసుకుంటున్నావన్నమాట" అన్నాను.

"రోజెలాగేసుకుంతాను బాబూ? రోజు మార్చి రోజు మా అప్పది."

"ఆమె లేదు కదమ్మా."

"సమచ్చరీకం అవకుండా సచ్చిపోయినోల వాటా ఎవులు ముడతారు? దాని బిళ్ళ పొద్దున్నే సముద్రంలో ఏసేత్తన్నాను."

తట్ట నెత్తికెత్తుకుని మెట్లు దిగింది. దిగేటప్పుడు ఎడమ మడమ నేలకి ఆననివ్వలేదు.